తిరానా గుర్తులేదా?

2025 జులై 28న బటూమీలో మహిళల చదరంగం ప్రపంచకప్ ఫైనల్లో కోనేరు హంపి ఓడిందో లేదో, మన విశ్లేషకులు శకాల పంచాంగం విప్పారు. హంపి శకం ముగిసిందట, దివ్య శకం మొదలైందట. గెలిచిన దివ్యా దేశ్‌ముఖ్‌కు 19, ఓడిన హంపికి 38. ఇంతకుమించి వీళ్ల విశ్లేషణలో ఏమీ లేదు. వీళ్లలో ఒక్కరూ తిరానా ఊసెత్తలేదు.

2011 నవంబరులో తిరానాలో జరిగిన ప్రపంచ టైటిల్ పోరులో గుడివాడలో పుట్టిన హంపికి 24 ఏళ్లు. ఎదుట చైనా అమ్మాయి హౌ యీఫాన్‌కు 17. హంపి ఒక్క గేమూ గెలవలేదు. 2.5-5.5తో ఎనిమిది గేముల్లోనే పోరు ముగిసిపోయింది. వయసే కొలబద్ద అయితే హంపి కథ అక్కడే కంచికి చేరాలి. జరిగింది వేరు. హౌ యీఫాన్ చదువు వైపు, బోధన వైపు మళ్లి టోర్నీలు బాగా తగ్గించుకుంది. హంపి కాన్పు కోసం రెండేళ్లు ఆటకు దూరమై, తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కొట్టింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టోర్నీలో తొలి రౌండే ఓడింది. అయినా చివరి రౌండులో నల్లపావులతో ఐరీన్ సుకందర్‌పై గెలిచి, 11కి 8.5 పాయింట్లతో మళ్లీ ఛాంపియన్ అయింది. అప్పటికి ఆమెకు 37, తిరానా ఓటమికి 13 ఏళ్లు.

పురుషుల టెన్నిస్‌లోనూ ఇదే గోల. 2024లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లనూ సినర్, అల్కరాజ్ చెరి రెండు పంచుకున్నారు, నిజమే. అదే ఏడాది ఆగస్టులో పారిస్ ఒలింపిక్ స్వర్ణాన్ని మాత్రం 21 ఏళ్ల అల్కరాజ్‌ను ఓడించి 37 ఏళ్ల జకోవిచ్ పట్టుకుపోయాడు.

వయసు ప్రభావం లేదని ఎవరూ అనరు. బటూమీలో గడియారం తరుముతుంటే హంపి ఎత్తు తడబడింది. దివ్యది నిఖార్సైన గెలుపు. కానీ రెండు క్లాసికల్ గేములూ డ్రా, తొలి ర్యాపిడ్ కూడా డ్రా. తేడా ఒక్క గేము! దాని మీద శకం మారిపోయిందా?

ఈ శకాల పిచ్చి పేపర్లో ఆగితే బాధ లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో పదో తరగతి రాగానే బోర్డు అటకెక్కుతోంది. ఈపాటికి పేరు రాలేదంటే ఇక రాదని అమ్మానాన్నలే తీర్పు చెప్పేస్తున్నారు. వాళ్లనేం అంటాం? తిరానా తర్వాత హంపి నిలబడటానికి తండ్రి అశోక్ నేర్పిన ఆటతోపాటు ఓఎన్‌జీసీ ఉద్యోగమూ ఉంది. ఆ ధీమా ఎంతమందికి ఉంది? పతకం తెస్తే పూలదండ, చెక్కు, నాయకులతో ఫొటో. ఓడిన ఏడాది పలకరించే దిక్కుండదు.

క్రీడాశాఖ పెద్దలారా, సన్మానాల జాబితా ఇక చాలు. ఓడిన ఏడాది కూడా జీతం అందే కొలువు ఎందరు ఆటగాళ్లకు ఇచ్చారో ఆ లెక్క బయటపెట్టండి.