పాత కార్ల గ్యాస్: పరీక్ష లేని బేరం నష్టాల బేరం

కొత్త ఉత్పత్తి బొత్తిగా లేని సరకు మార్కెట్లో అరుదు. పాత కార్ల ఏ.సి.లలో వాడే ఆర్-12 గ్యాస్ అటువంటిది. ఉన్నదల్లా పాత నిల్వలు, పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసిన గ్యాస్ మాత్రమే. రాబడి లేని సరకుకు తేజీ తప్పదని తలచి, సీలు చూసి సిలిండర్లు కొని గోదాములో వేసుకోవడం తెలివైన వ్యాపారం అనిపించుకోదు. ఈ సరకులో లాభనష్టాలను తేల్చేది కొరత కంటే నాణ్యతే.

ఓజోన్ పొరకు హాని చేసే రసాయనాలపై 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. అమెరికా ప్రభుత్వం 1990 నుంచి వీటిపై పన్ను వేసి ఏటేటా పెంచింది. 1995లో ఆర్-12పై పన్ను పౌనుకు 5.35 డాలర్లు. 1994 మోడల్ నాటికి అక్కడి కొత్త కార్లు దాదాపు అన్నీ ఆర్-134ఏకి మారాయి. 1996 జనవరి 1 నుంచి కార్ల అవసరాలకు ఆర్-12 కొత్త ఉత్పత్తి, దిగుమతి ఆగిపోయాయి. భారత్‌లో ఆస్తమా రోగుల ఇన్‌హేలర్ల అవసరం మినహా 2008 ఆగస్టు 1 నుంచి ఉత్పత్తి నిలిచిపోయింది.

కొరత వచ్చిన చోటికి దొంగ సరకు వస్తుంది. 1990 దశకం మధ్యలో మయామీ రేవు గుండా ఆర్-12 దొంగ రవాణా జోరుగా సాగింది. కొత్త గ్యాస్‌ను వాడిన గ్యాస్‌గా కాగితాలలో చూపి దించిన ఉదంతాలు ఉన్నాయి. సుంకం ఎగవేత వల్ల నష్టం ఖజానాకు. కల్తీ వల్ల నష్టం ప్రాణానికే. 2011లో శీతల కంటెయినర్ల యంత్రాలు పేలి వియత్నాం, బ్రెజిల్‌లలో ముగ్గురు కార్మికులు మరణించారు. ఆర్-134ఏ పేరిట నింపిన గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉన్నది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే భగ్గుమనే పదార్థంగా మారుతుంది. కార్ల ఏ.సి. కంప్రెసర్లలోనూ అల్యూమినియం భాగాలు ఉంటాయి. విరివిగా దొరికే ఆర్-134ఏకే ఇంత కల్తీ జరిగినప్పుడు, దొరకని ఆర్-12 మాట వేరే చెప్పనక్కరలేదు.

మిర్చి కొనేవారు బస్తా గుచ్చి మచ్చు తీస్తారు. రంగు, తేమ చేతిలోనే తెలుస్తాయి. గ్యాస్‌కు రంగు చూసే వీలు లేదు. ప్రెషర్ మీటరు పెట్టి చూస్తే చాలుననే వాదమూ నిలవదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆర్-12 సిలిండర్‌లో మీటరు సుమారు 93 పి.ఎస్.ఐ. చూపితే, ఆర్-134ఏకి సుమారు 97 చూపుతుంది. సిలిండర్ ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే ఆ తేడా కాస్తా చెరిగిపోతుంది. పైగా లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంత వరకు మీటరు ఒకే అంకె చూపుతుంది. నిండు సిలిండరో, అడుగంటినదో తూకం వేస్తేనే తెలుస్తుంది. సిలిండర్‌పై ముద్రించిన ఖాళీ బరువును తీసివేసి లెక్క కట్టాలి. 30 పౌన్ల సిలిండర్ అంటే లోపల 13.6 కిలోల గ్యాస్ ఉండాలి. లోపలిది ఏ గ్యాసో చెప్పే పరీక్ష యంత్రాలు ఉన్నాయి. వాటి ఖర్చు భారమనుకునే వర్తకుడు ఈ వ్యాపారానికి దూరంగా ఉండటం మంచిది.

గ్యాస్ సేకరించే వారికి మరో జాగ్రత్త అవసరం. ఆర్-12లో ఆర్-134ఏ కలిస్తే మామూలు పద్ధతులలో విడదీయడం బహు కష్టం. ఒక వర్క్‌షాపు నుంచి వచ్చిన కలగాపులగపు గ్యాస్ పెద్ద సిలిండర్‌లో పడితే మొత్తం సరకు పనికిరాదు. దానిని నాశనం చేయించడానికి ఎదురు ఖర్చు పెట్టాలి. గాలిలోకి వదిలివేయడం అమెరికాలో చట్టరీత్యా నేరం. ఒకసారి వాడి పారవేసే సిలిండర్లను తిరిగి నింపి రవాణా చేయడం కూడా అక్కడ నిషిద్ధం. కార్ల కోసం ఆర్-12 కొనాలంటే మెకానిక్‌కు సర్టిఫికెట్ ఉండాలి. భారత్‌లోనూ 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం ఇటువంటి రసాయనాల ఎగుమతి దిగుమతులకు లైసెన్సు కావాలి.

నిల్వ పెట్టేవారు మరువరాని సంగతి ఇంకొకటి ఉన్నది. ఆర్-12 ధర మరీ పెరిగితే కారు యజమాని ఆయిల్, డ్రయర్, ఫిట్టింగులు మార్పించి ఆర్-134ఏకి మళ్లుతాడు. చల్లదనం కాస్త తగ్గినా సర్దుకుంటాడు. ఒకసారి మళ్లిన గిరాకీ తిరిగి రాదు. అసలు భాగాలే ఉండాలని పట్టుబట్టే పాత కార్ల అభిమానులు కొద్దిమంది. వారు కూడా నమ్మకమైన సరకుకే అధిక ధర ఇస్తారు.

కనుక బిల్లులో నికర బరువు, పరీక్ష ఫలితం, సరకు ఎక్కడిది అనే వివరం, తేడా వస్తే వాపసు తీసుకునే షరతు ఉండాలి. ఈ నాలుగూ రాసి ఇవ్వడానికి వెనుకాడే అమ్మకందారు ఎంత చౌకగా ఇచ్చినా ఆ బేరం వదులుకోవడమే లాభం.