స్కోరుబోర్డులో లేని పేరు

"వచ్చే ఏడాది ఎలాగూ వెళ్ళిపోతాడు కదా టీచర్, వాడితో స్నేహం ఎందుకు?"

సంవత్సరం మధ్యలో కొత్త విద్యార్థి వచ్చినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉంటాం. నిజం చెప్పాలంటే, ఊళ్ళు మారి మారి అలసిన మేమూ ఒక్కోసారి అలాగే అనుకున్నాం. అందుకే జో థామస్ గురించి మనం మాట్లాడుకోవాలి.

ఆయన అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2007 నుంచి 2017 వరకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఆడారు. ఆ ఆటలో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు ఐదుగురు గోడలా నిలబడి, మీదికి దూసుకొచ్చేవాళ్ళను ఆపుతారు. వాళ్ళే అఫెన్సివ్ లైన్‌మెన్. సాధారణంగా వాళ్ళ చేతికి బంతి రాదు, ఖాతాలో పాయింట్లు పడవు. తప్పు చేస్తేనే పేరు వినబడుతుంది. థామస్ ఆ గోడకు ఎడమ కొసన ఉండేవారు. కుడిచేత్తో విసిరేవాడికి ఆ పక్కనుంచి వచ్చే ప్రమాదం కనిపించదు. అక్కడ కాపలా ఆయనే.

ఆయన జట్టు మారలేదు కానీ చుట్టూ ఉన్నవాళ్ళు మారిపోయారు. పదకొండేళ్ళలో ఆరుగురు ప్రధాన శిక్షకులు, దాదాపు ఇరవై మంది క్వార్టర్‌బ్యాక్‌లు. జట్టు ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. ఆయన చివరి సీజన్‌లో 16 ఆటలూ ఓడింది. "వీడు ఎన్నాళ్ళుంటాడులే" అని ఆయన ఎవరినీ వదిలేయలేదు. ఒక్కసారీ పక్కకు తప్పుకోకుండా వరుసగా 10,363 సార్లు తన చోట నిలబడ్డారు. 2017 అక్టోబరులో చేతి కండరం తెగినప్పుడే ఆ వరుస ఆగింది. కప్పు గెలవని ఆ మనిషికి 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఒంట్లో బాగోలేకపోయినా బడికి రమ్మని మేము అనడం లేదు. మేము అడిగేది చిన్న పని. కొత్తగా వచ్చినవాడికి మన బడిలో ఏది ఎక్కడో తెలియదు. ఒక్కోసారి పక్కవాళ్ళు మాట్లాడే భాషే తెలియదు. అతనికి కనిపించని ఆ పక్కన మనలో ఒకరు నిలబడాలి. నోట్సు ఇవ్వాలి, భోజనానికి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

దీనికి మార్కులు లేవు. మా బహుమతుల జాబితాలోనూ ఇది లేదు. అది మా లోపమే, సరిదిద్దుకోవాలి. ఈలోగా ఒక్కటి గుర్తుంచుకుందాం. నిన్న మనమూ కొత్తవాళ్ళమే, రేపు ఇంకో ఊళ్ళో మళ్ళీ కొత్తవాళ్ళమే.