మన కండ్లను అమ్ముకుంటరు, మనకే బిల్లు వేస్తరు!

అమ్మ పొయ్యి కాడి పని ముగించుకొని సీరియల్ కోసం టీవీ ముందట కూసున్నది. తెర మీద బొమ్మ లేదు. ఈ ఛానల్ కావాలంటే పైసలు కట్టాలని చెప్పే నాలుగు అక్షరాలున్నయి. 2019 ఫిబ్రవరిల మన ఊర్లల్ల, బస్తీలల్ల ఎన్నో ఇండ్లల్ల ఇదే కథ. నిన్నటిదాక వచ్చిన కార్యక్రమం ఇయ్యాల రాదు. కేబుల్ పిలగాన్ని అడిగితే "నా చేతుల ఏం లేదక్కా, పైనుంచే బందు చేసిండ్రు" అన్నడు. ఆ పైనున్నది ఎవరు? వాళ్లు జవాబు చెప్పాల్సింది ఎవరికి?

సీరియల్ పోతే ఇంత లొల్లి ఎందుకని ముక్కు విరిచే పెద్దమనుషులున్నరు. మేం లొల్లి చేస్తలేం, లెక్క అడుగుతున్నం. పొద్దంతా కష్టం చేసి ఇంటికొచ్చిన మనిషికి గంటసేపు నవ్వుకునే ఆసరా టీవీ. సినిమా టికెట్ కొనలేని ఇంటికి అదే సినిమా హాలు. ఆ ఆసరాకు గేటు పెట్టి టికెట్ కొట్టేటోనికి ఎవరు అధికారమిచ్చిండ్రని అడిగే హక్కు మనకు లేదా?

అసలు ఛానల్‌కు పైసలు ఎక్కడినుంచి వస్తయో చూద్దాం. మొదటి రాబడి ప్రకటనలు. సబ్బు కంపెనీ, నగల దుకాణం పైసలిచ్చేది తెర మీది హీరోయిన్‌ను చూసి కాదు, ఆమెను చూస్తున్న మనలను చూసి. ఎంతమంది చూస్తే అంత రేటు. అంటే ఆ బజార్ల అమ్ముడుపోతున్న సరుకు మన కండ్లే. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయొద్దని కేబుల్ టీవీ నిబంధనల్ల రాసే ఉన్నది. ఈ రాత్రి గడియారం ముందట పెట్టుకొని మీరే లెక్కబెట్టుండ్రి. ఇగ ఆ ప్రకటనలు చూసినందుకు మళ్లా మనమే నెలనెలా చందా కట్టాలెనట. ఒక్క బర్రెను రెండు సంతల్ల అమ్ముడంటే ఇదే!

2019ల టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం తెచ్చినప్పుడు ఏం చెప్పింది? 'మీకు కావలసిన ఛానల్‌కే పైసలు కట్టుండ్రి, బిల్లు తగ్గుతది' అన్నది. వినడానికి బాగనే ఉన్నది. ముందుగాల వంద ఛానళ్ల కనెక్షన్‌కు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 153 రూపాయల 40 పైసలు. అండ్ల దూరదర్శన్, ఉచిత ఛానళ్లు వస్తయి. ఇంటిల్లిపాది చూసే పే ఛానల్ రాదు. నాలుగు ఛానళ్లు 19 రూపాయల లెక్కన తీసుకుంటే 76. పన్నుతోని దాదాపు 90. అంతా కలిపితే 243. స్పోర్ట్స్ ఇంకా కలపలే, పిల్లల బొమ్మల ఛానల్ కలపలే. తగ్గిందెక్కడ?

విడివిడిగా ఏరుకుంటే ఎక్కువైతది. ప్యాకేజీ తీసుకుంటే ఎవరూ చూడని పది ఛానళ్లను మెడకు చుట్టి తక్కువకిస్తరు. ఈ మతలబు మేం కనిపెట్టింది కాదు. ప్యాకేజీల మీద 70 శాతం దాకా తగ్గింపు ఇస్తుండ్రని, ఏరుకునే స్వేచ్ఛ ఉత్తదే అవుతున్నదని 2019 ఆగస్టుల ట్రాయే చర్చాపత్రం రాసుకున్నది. 2020 జనవరి 1న దిద్దుబాటు చేసింది. ప్యాకేజీల కలిపే ఛానల్ ధర 19 నుంచి 12 రూపాయలకు దించింది. కంపెనీలు కోర్టుకెక్కినయి. తిరిగి తిరిగి 2022 నవంబర్ల ఆ 12 కాస్తా మళ్లా 19 అయింది! 2023 ఫిబ్రవరిల కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టని కేబుల్ సంస్థలకు పెద్ద ఛానళ్లు సిగ్నల్ బందు పెట్టినయి. కొట్లాట వాళ్లది, చీకటి పడ్డది మన తెర మీద. 2024 జులైల కనెక్షన్ రుసుము మీదున్న పరిమితిని కూడా ట్రాయ్ ఎత్తేసింది. కాపలా ఉండాల్సినోడే కంచె పీకిండు.

విద్యార్థి తమ్ముళ్లకు ఈ కథ క్రికెట్ల బాగ తెలుసు. 2023ల, 2024ల ఐపీఎల్‌ను జియోసినిమాల ఉచితంగ చూపించిండ్రు. హాస్టల్ గదిల ఒక్క ఫోన్ చుట్టూ నలుగురు కూసొని సన్‌రైజర్స్ ఆట చూసిండ్రు. అలవాటైంది. 2025 ఫిబ్రవరిల జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి ఒక్కటైనయి. ఆ ఏడు ఐపీఎల్‌కు కొన్ని నిమిషాలు చూపించి, ఆ తర్వాత చందా అడిగిండ్రు. ఎర వేసేటప్పుడు చేప దగ్గర పైసలు తీసుకుంటరా? గాలం పడ్డంకనే కదా లాగేది!

'ఇష్టమైతే కొను, లేకుంటే మానెయ్' అని మార్కెట్ పండితులు సెలవిస్తరు. కళాకారునికి, టెక్నీషియన్‌కు కూలి గిట్టొద్దని మేం అంటలేం. ఖర్చు పెట్టినోడు రాబట్టుకోవద్దనీ అంటలేం. పేరు మోసిన కార్యక్రమాన్ని పేరు మోసేటట్టు చేసింది మనం. మనం చూడబట్టే దానికి విలువ. మనమే పెంచిన చెట్టు కాయకు మనమే ధర కట్టాలంటే, ఆ ధర మీద మనకో మాట ఉండాలె. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995ల సుప్రీంకోర్టు చెప్పింది. క్రికెట్ ప్రసారాల కేసులనే ఆ తీర్పు! ప్రజల ఆస్తి మీద నడిచే బేరంల ప్రజలకు ఓటు లేకపోతే ఎట్ల?

మరి ప్రజల సొంత టీవీ ఏం చేస్తున్నది? 1977ల హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఇంటి మీద ఏరియల్ కట్టుకుంటే నెల బిల్లు లేకుండ బొమ్మ వచ్చేది. ఆ పాత ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ 2022 మార్చి నాటికి మూసేస్తమని ప్రసార భారతి ప్రకటించింది. ముఖ్యమైన మ్యాచ్‌లను దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007ల చట్టం తెచ్చిండ్రు. కానీ ఆ సిగ్నల్‌ను ప్రైవేటు కేబుల్‌ల ఇయ్యొద్దని 2017 ఆగస్టుల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేబుల్‌ల దూరదర్శన్ తప్పనిసరి. మ్యాచ్ నాడు మాత్రం అండ్ల మ్యాచ్ రాదు! 2014ల రాష్ట్రం వచ్చినంక హైదరాబాద్ కేంద్రానికి యాదగిరి అని పేరు పెట్టుకున్నం. పేరు మారింది, రాత మారలే. అక్కడ పైసలు పెట్టి, మన కథకులను, మన పాటగాళ్లను, మన నాటకాలను తెర మీదికి తెస్తే పే ఛానల్ ముందు మనం దేబిరించాల్సిన పని ఎందుకు వస్తది?

అందుకే మా డిమాండ్లు సూటిగ ఉన్నయి. ప్రకటనలు వేసే ఛానల్‌కు చందా సగమన్నా తగ్గించాలె. గంటకు 12 నిమిషాల నిబంధనను నిక్కచ్చిగ అమలు చేయాలె. ఎత్తేసిన కనెక్షన్ రుసుము పరిమితిని తిరిగి పెట్టాలె. కంపెనీల కొట్లాటల చూసేటోని తెరను బందు పెట్టే పద్ధతి పోవాలె. యాదగిరి, సప్తగిరి ఛానళ్లకు నిధులియ్యాలె.

ఉద్యోగ సోదరులారా, ఈ నెల కేబుల్ బిల్లు చేతిల పట్టుకొని ఒక్కొక్క ఛానల్ పేరు చదువుండ్రి. ఎన్ని చూస్తున్నరు, ఎన్నింటికి కడుతున్నరు? తమ్ముళ్లారా, ట్రాయ్ చర్చాపత్రం పెట్టినప్పుడు కంపెనీల వకీళ్లే అభిప్రాయాలు రాయాలని ఎక్కడా లేదు. మనమూ రాద్దాం, తెలుగులనే రాద్దాం, కట్టలు కట్టలుగ రాద్దాం.

గాలి మనది, కండ్లు మనయి, పైసలు మనయి. రిమోట్ ఒక్కటే వాళ్ల చేతుల ఎందుకున్నది?