తీగ దొరికినా డొంక కదలడం లేదు

ఉద్యోగం కోరుతూ వచ్చిన ఒక దరఖాస్తు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కొంప ముంచింది. 2015 జనవరిలో ఆ బ్యాంకు సిబ్బంది కొందరికి ఒక ఈ-మెయిల్ అందింది. మర్యాదగా రాసిన లేఖ, బయోడేటా చూసేందుకు ఒక లింకు తప్ప అందులో అనుమానించదగినదేదీ కనిపించలేదు. లింకు చాటున ఉన్న హానికర సాఫ్ట్‌వేర్ ద్వారా దొంగలు కంప్యూటర్లలోకి చొరబడి, ఏడాది పాటు చడీచప్పుడు లేకుండా పొంచి ఉన్నారు.

2016 ఫిబ్రవరి 4 గురువారం రాత్రి అసలు దెబ్బ పడింది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులో బంగ్లాదేశ్‌కు ఉన్న ఖాతా నుంచి సుమారు 95 కోట్ల డాలర్లు బదిలీ చేయాలంటూ స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా 35 ఆదేశాలు వెళ్ళాయి. ముహూర్తం ఎంచుకోవడంలోనే దొంగల నేర్పు తెలుస్తుంది. శుక్రవారం ఢాకాలో సెలవు. శని, ఆదివారాలు న్యూయార్క్‌లో సెలవు. సోమవారం మనీలాలో చైనా నూతన సంవత్సర సెలవు. లావాదేవీల వివరాలు అచ్చయ్యే ప్రింటర్‌ను సైతం పనిచేయనీయలేదు. అధిక భాగం ఆదేశాలు న్యూయార్క్‌లోనే ఆగిపోగా, శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్లు ‘ఫౌండేషన్’ అన్న పదంలో దొర్లిన అక్షర దోషం పుణ్యమా అని దక్కాయి. 8.1 కోట్ల డాలర్లు మాత్రం మనీలా చేరాయి. అందులో చాలా భాగం అక్కడి జూదశాలల దారి పట్టింది.

దర్యాప్తు విఫలమైందనడానికి లేదు. అమెరికా ఎఫ్‌బీఐ ఆ ఈ-మెయిళ్ళ ఆధారంగానే కూపీ లాగింది. 2014లో సోనీ పిక్చర్స్ సంస్థపై జరిగిన దాడికీ, ఈ దోపిడీకీ సంబంధం ఉందని తేల్చి, ఉత్తర కొరియాకు చెందిన పార్క్ జిన్ హ్యోక్‌పై 2018లో అభియోగాలు వెల్లడించింది. ఉత్తర కొరియా వాటిని తోసిపుచ్చింది. నిందితుడు అమెరికాకు చిక్కలేదు. మనీలాలో ఒక బ్యాంకు శాఖ మేనేజరుకు 2019లో శిక్ష పడింది. పోయిన సొమ్ములో 2016లో తిరిగి వచ్చింది దాదాపు కోటిన్నర డాలర్లే.

కేంద్ర బ్యాంకుకే ఈ గతి పట్టినప్పుడు, చిన్న మదుపరుల పొదుపుతో నడిచే సహకార బ్యాంకుల మాటేమిటి? హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతమే ఇందుకు సమాధానం. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్ళు వచ్చినట్లు నగర పోలీసుల దర్యాప్తులో తేలింది. వాటిని తెరిచినవారు ఇద్దరే. ఆ ఇద్దరే చాలారు. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము దేశవ్యాప్తంగా వందకు పైగా ఖాతాల్లోకి మళ్ళింది. ఖాతాలు సమకూర్చిన వారిని పోలీసులు పట్టుకున్నారు. కానీ వ్యవహారాన్ని నడిపించింది విదేశాల్లోని వారన్నది పోలీసుల నిర్ధారణ.

నేరగాళ్ళను దేశం దాటి పట్టి తేవడం స్థానిక పోలీసులకు సాధ్యమయ్యే పని కాదు. బ్యాంకు తలుపులు సరిగా వేసుకున్నదా లేదా అన్నది మాత్రం ఇక్కడే తేల్చవచ్చు. మహేశ్ బ్యాంకు భద్రతలోని లొసుగులను పోలీసులు రిజర్వు బ్యాంకు దృష్టికి తీసుకువెళ్ళారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ సొమ్ము కూడా బ్యాంకు ఖజానా నుంచి చెల్లించవలసినదే.