పేరు తేలని దోమలు... పోరుకు తొలి అడ్డంకి

భిలాయి-3: తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఉక్కు నగరం భిలాయిని 2018 వర్షాకాలంలో డెంగ్యూ కుదిపివేసింది. ఆ వ్యాధిని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టీ దోమ కూలర్లలో, తొట్లలో నిలిచిన నీటిలో పెరిగి పగటిపూట కుడుతుంది. ఉక్కు కర్మాగారానికి కేటాయించిన రావ్‌ఘాట్ ఇనుప గనులున్న బస్తర్‌లో మాత్రం ప్రధాన బెడద మలేరియా. దానికి కారణమైన అనాఫిలిస్ దోమలు రాత్రివేళ కుడతాయి. జాతి మారితే నివారణ పద్ధతీ మారాలి. అందువల్ల ఈగలు, దోమలు, జోరీగలతో కూడిన డిప్టెరా వర్గంలో కొత్త జాతులను గుర్తించి వర్ణించడం ప్రజారోగ్యానికీ అవసరమైన పని.

ఇందుకు సికింద్రాబాద్ చరిత్రే నిదర్శనం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ మచ్చల రెక్కల దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. ఆ దోమ ఏ జాతిదో ఆయన చెప్పలేకపోయారు. అది అనాఫిలిస్ స్టెఫెన్సీ అయి ఉంటుందని నేటి నిపుణుల భావన. ఆ జాతిని లిస్టన్ వర్ణించింది 1901లో. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో ఈ దోమ బయటపడినప్పుడు, అది ఆసియా నుంచి వచ్చిన జాతి అని గుర్తించగలిగారంటే ఆ వర్ణనే ఆధారం.

ఒకే రూపం, వేర్వేరు జాతులు

బస్తర్ కొండవాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ నిజానికి ఒకే జాతి కాదు. కంటికి ఒకేలా కనిపించే ఎస్, టీ, యూ అనే జాతులు అందులో ఉన్నట్లు క్రోమోజోముల పరిశీలనలో తేలింది. ఎస్ ప్రధానంగా మనుషుల రక్తం తాగుతూ ఇళ్లలో విశ్రమిస్తుంది. మిగిలిన రెండూ పశువుల పాకలను ఆశ్రయిస్తాయి. ఏది ఎక్కడుందో తెలియకుండా మందు చల్లితే శ్రమ, ఖర్చు వృథా కావచ్చు. మైదానాల్లోని అనాఫిలిస్ క్యులిసిఫేసీస్‌లోనూ ఇలాంటివి ఐదున్నాయి. వాటిలో బీ జాతి మలేరియాను వ్యాపింపజేయడంలో బలహీనమైనది.

కొత్త జాతిని ప్రకటించడం తేలిక కాదు. ఒక కీటకాన్ని మూల నమూనాగా నిర్ణయించి, రెక్కల నరాలు, వెంట్రుకలు, మగ జననాంగాల నిర్మాణాన్ని వర్ణించి, దగ్గరి జాతులతో పోల్చి ప్రచురించాలి. పాత మూల నమూనాలు అనేకం లండన్ మ్యూజియంలో ఉండడంతో పోలిక కష్టమవుతోంది. డీఎన్‌ఏ పరీక్ష తేడాను పట్టిస్తుంది కానీ, ఆ తేడాకు అర్థం చెప్పాల్సింది వర్గీకరణ నిపుణుడే. కొత్త జాతి నమూనాలను నిర్దేశిత సంస్థల్లో భద్రపరచాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా ఆదేశిస్తోంది.

నిపుణుల కొరత

భారత జంతు సర్వేక్షణ సంస్థ లెక్కల ప్రకారం 2023లో దేశ జాబితాలో 641 జంతు జాతులు చేరాయి. వాటిలో 442 శాస్త్రానికే కొత్తవి, 199 దేశంలో తొలిసారి నమోదైనవి. కనుగొనాల్సినవి ఇంకా ఎన్నో ఉన్నా ఈ విద్యలోకి వచ్చే యువత తక్కువ. ఏళ్ల తరబడి శ్రమించి ఒక జాతిని వర్ణించినా ఆ పత్రాన్ని ఉటంకించేవారు కొద్దిమందే. ఆ సంఖ్యనే కొలమానంగా తీసుకునే నియామకాల్లో వర్గీకరణ పరిశోధకులు వెనుకబడుతున్నారు.

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మలేరియా రహిత బస్తర్ ఉద్యమాన్ని ప్రారంభించి, జ్వర లక్షణాలు లేనివారికీ ఇంటింటా రక్తపరీక్షలు చేయించింది. మనిషిలోని పరాన్నజీవిపై చూపిన ఈ శ్రద్ధ దోమపైనా చూపవలసి ఉంది. జిల్లా స్థాయిలో కీటక శాస్త్ర నిపుణులు, విశ్వవిద్యాలయాల్లో వర్గీకరణ శాస్త్ర నియామకాలు, ప్రాంతీయ నమూనా భాండాగారాలు అందుకు కనీస అవసరాలు. బస్తర్‌ను ఆనుకుని ఉన్న చింతూరు, భద్రాచలం ఏజెన్సీలకూ ఇదే వర్తిస్తుంది. రాష్ట్ర సరిహద్దు దోమకు అడ్డు కాదు.