ఉప్పెనొస్తే ఉప్పెననే చెప్పండి

తుఫాను హెచ్చరిక ఎంత గట్టిగా ఉండాలి? మెత్తగా చెబితే జనం కదలరు. గట్టిగా చెబితే బెంబేలెత్తుతారు. రెండుసార్లు తప్పితే మూడోసారి నమ్మరు. ఆఫీసుల్లో నడిచే వాదన ఇదే. ఈ వాదనలో ఒక మనిషి మాత్రం ఎప్పుడూ కనపడడు. ఊరవతల పల్లంలో, తాటాకు గుడిసెలో ఉండే కూలి మనిషి. హెచ్చరిక ఎవరి ప్రాణం కోసమో ఆ మనిషి వైపు నిలబడి మాట్లాడదామని మేం అనుకుంటున్నాం.

ముందు మాట సంగతి. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను, 89కి చేరితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను, 222కి చేరితే సూపర్ సైక్లోన్. వాతావరణ శాఖ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవే. కాని మన తీరాన జనాన్ని కుప్పలుగా చంపింది గాలి కాదు, నీళ్లు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం వచ్చి పడింది. పదివేల మందికి పైగా పోయారు. తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? మేడ లేనివాళ్లు, మెరక లేనివాళ్లు, రెక్కలు తప్ప ఇంకేమీ లేనివాళ్లు.

ఆ నీళ్ల గురించి బులెటిన్లో ఎట్లా రాస్తారు? సాధారణ పోటు కంటే మీటరున్నర ఎత్తున అలలు లేస్తాయని, లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యే అవకాశం ఉందని. అబద్ధమేమీ కాదు. కానీ లోతట్టు ప్రాంతం అని మన గూడేనికి ఎవరైనా బోర్డు కట్టారా? పోటు కంటే మీటరున్నర అంటే మా ఇంటి అరుగు దాకానా, చూరు దాకానా? పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశామంటారు. ఆ నంబర్లు రేవులో ఓడల కోసం పెట్టినవి. గుడిసెకి నంబరు అర్థం కాదు. మనకు ఒక మాట ఉంది: ఉప్పెన. ఆ మాట వింటే తీరాన ముసలమ్మ కూడా లేచి నిలబడుతుంది. ఆ మాట వదిలి కొలతలు చదవడమెందుకు?

మాట తేడాతో ప్రాణాలు పోతాయా అంటే పోతాయి. 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్ దేశంలో హైయాన్ తుఫాను కొట్టింది. సముద్రం పొంగుతుందని ముందే చెప్పారు. కాని 'స్టార్మ్ సర్జ్' అన్న ఇంగ్లీషు మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని చెప్పుంటే పరుగెత్తేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత వాపోయారు. ఆరువేల మందికి పైగా పోయారు.

ఇక జనం బెంబేలెత్తుతారన్న మాట. ఇది పెద్దోళ్ల భయం. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో ఒరిస్సాలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అదే రాష్ట్రంలో 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు గట్టిగా చెప్పి, షెల్టర్లు చూపించి, దాదాపు పది లక్షల మందిని కదిలించారు. చావులు పదుల్లో ఆగాయి. నిజం చెబితే జనం చెడిపోరు. నిజం దాస్తేనే చస్తారు.

అయితే గట్టి మాట ఒక్కటే చాలదు. 2005 ఆగస్టు 28న అమెరికాలో, కత్రినా తుఫాను ముందురోజు, న్యూ ఆర్లీన్స్ దగ్గరి వాతావరణ కార్యాలయం వారాల తరబడి ఆ ప్రాంతం మనుషులు ఉండటానికి పనికిరాదని రాసింది. అంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు? నగరం ఖాళీ చెయ్యమని ఆజ్ఞ కూడా వేశారు. కారున్నవాళ్లు వెళ్లిపోయారు. కారు లేని పేదలు, అందులో ఎక్కువమంది నల్లవాళ్లు, నీళ్లలో మిగిలారు. పొమ్మనడం వేరు, పోయే దారి చూపడం వేరు.

మన దగ్గర కూడా అంతే. మేకనీ, బియ్యం డబ్బానీ, మంచాన పడ్డ అమ్మనీ వదిలి ఎట్లా పోతారు? పోయినా ఎక్కడుండాలి? 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం జిల్లాలో సహాయ శిబిరాల్లో దళితుల్ని వేరుపెట్టారు. సముద్రం కులం చూడలేదు, శిబిరం చూసింది. అవమానం తప్పదని తెలిసినచోటికి రమ్మంటే కాళ్లు కదలవు. దాన్ని అజ్ఞానం అనొద్దు.

నాన్నా పులి కథ కూడా చెప్తారు. తుఫాను పక్కకు తిరగొచ్చు, అది ఎవరి తప్పూ కాదు. కానీ రెండ్రోజులు బడిలో కూర్చున్న కూలికి రెండ్రోజుల కూలి పోయింది. మూడోసారి ఆమె రాకపోతే అది అపనమ్మకం కాదు, ఆకలి. అందుకని హెచ్చరికను మెత్తన చెయ్యొద్దు. పోయిన కూలి ఇవ్వండి. తప్పిపోవచ్చని కూడా ముందే చెప్పండి: రావొచ్చు, రాకపోవచ్చు, వస్తే మాత్రం బతకరు అని. జిల్లా అంతటికీ ఒకే రెడ్ అలర్ట్ పెడితే ఎవరూ తమ గురించి అనుకోరు. గట్టి మాట గట్టి ప్రమాదమున్న ఊరికే దాచిపెట్టండి.

తరతరాలుగా డప్పు మెడకేసుకుని ఊరందరికీ కబురు చెప్పింది మన మనిషే. ఇప్పటికీ చాలా ఊళ్లలో కబురు పల్లెకి చేరేది చివర్నే. మేం అడిగేవి ఇవి:

హెచ్చరికలో ఉప్పెన అన్న మాట ఉండాలి. ఏ వాడ, నీళ్లు ఎంతెత్తు, ఎన్నిగంటలకు, ఎక్కడికి పోవాలి అన్నది పేరుపేరునా చెప్పాలి.

కబురు ముందు పల్లంలో ఉన్న వాడకి రావాలి. ఫోను మోగిస్తే సరిపోదు, మనిషి రావాలి.

కబురుతో పాటే బండి రావాలి, పశువుకి చోటుండాలి. షెల్టర్లో వేరు పంక్తి ఉండకూడదు. పోయిన కూలి కట్టాలి.

మన సంఘాలకీ పనుంది. వానాకాలం రాకముందే వాడలో కూర్చోండి. నడవలేనివాళ్లెవరు, చంటిపిల్లలెందరు, మెరక ఎంత దూరం అని రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లి షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. జవాబొచ్చేదాకా కదలొద్దు.