అప్పు లుసాకాది, తీర్పు లండన్‌ది

1979లో, లుసాకా రాజధానిగా ఉన్న జాంబియా రొమేనియా దగ్గర ట్రాక్టర్లు అరువుకు తెచ్చుకుంది. ఆ బాకీ తీరలేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1999లో, డోనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఆ మొండిబాకీని రొమేనియా నుంచి సుమారు 33 లక్షల డాలర్లకు కొనుక్కుంది. వడ్డీలతో కలిపి 5.5 కోట్ల డాలర్లు కట్టమని లండన్ హైకోర్టుకెక్కింది. 2007లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆ కంపెనీ తరఫు సాక్ష్యంలో నిజాయతీ లేదని తప్పుపట్టాడు. అయినా చట్టం చట్టమే కాబట్టి ఒకటిన్నర కోట్ల డాలర్లకు పైగా ఇప్పించక తప్పలేదు.

దానికి రెండేళ్ళ ముందే, 2005లో, బ్రిటన్ పెద్దరికం వహించిన గ్లెన్‌ఈగిల్స్ జి-8 సమావేశం జాంబియాతో సహా పద్దెనిమిది పేద దేశాల అప్పుల మాఫీకి ఊ కొట్టింది. ఆ మాఫీతో ఊపిరి పీల్చుకున్న జాంబియా 2006 ఏప్రిల్‌లో పల్లె ఆరోగ్యకేంద్రాల్లో రోగుల దగ్గర ఫీజు వసూలు ఆపేసింది. బ్రిటన్ ప్రభుత్వం వదులుకున్న డబ్బు పల్లె ఆస్పత్రికి చేరుతుంటే, బ్రిటన్ కోర్టు తీర్పు పట్టుకుని ఇంకొకడు అదే ఖజానాకు చెయ్యి పెట్టాడు.

ఆ అవమానం లోంచే 2010లో ఒక చట్టం పుట్టింది. మాఫీ ఒప్పందంలో కలవకుండా పక్కన కూచున్న అప్పులవాళ్ళు, కలిసినవాళ్ళకు దక్కినదానికి మించి బ్రిటన్ కోర్టుల్లో రాబట్టుకోవడం ఇక కుదరదంది. మంచి చట్టమే. కాకపోతే అది అప్పటికే ఉన్న పాత అప్పులకు మాత్రమే వర్తిస్తుంది. ఆ తర్వాత పేద దేశాలు ప్రైవేటు మదుపుదార్ల దగ్గర బాండ్ల మీద తెచ్చిన అప్పుల్లో పెద్ద వాటా ఇంగ్లిష్ చట్టం కిందే రాసుకున్నవి. వాటి జోలికి ఆ చట్టం పోదు. 2020 నవంబరులో జాంబియా మళ్ళీ కిస్తీ కట్టలేక చేతులెత్తేసింది. బాండ్లు పట్టుకున్నవాళ్ళతో రాజీ కుదిరేసరికి 2024 వచ్చింది. అదే ఏడాది కరువుకు అక్కడి మొక్కజొన్న ఎండిపోయింది.

ఇక సాయం సంగతి. జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకివ్వాలని 2015లో చట్టం చేసుకున్న బ్రిటన్, 2021లో దాన్ని 0.5కు దించింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్ 2027 కల్లా 0.3కు దించుతామన్నారు. మిగిలేది రక్షణకట. విదేశీ సాయం చూసే మంత్రి ఆనెలీస్ డాడ్స్ రాజీనామా చేశారు. ఆ ఇచ్చేదాంట్లోనూ పెద్ద ముక్క బ్రిటన్ దాటిపోదు: 2023లో పావు వంతుకు పైగా దేశంలోనే శరణార్థుల బసకూ పోషణకూ ఖర్చయింది. రక్షణ ఖర్చు వెనకున్న రష్యా భయం ఉత్తదని నేననను. ఉక్రెయిన్ పక్కన కాపురమున్నవాళ్ళ బెంగను ఇక్కడ కూచుని వెక్కిరించడం మర్యాద కాదు. కానీ 2010 చట్టాన్ని కొత్త అప్పులకు విస్తరించడానికి ఖజానాలోంచి ఒక్క పౌండు తీయనక్కర్లేదు. డబ్బు లేదన్న సాకు అక్కడ చెల్లదు.

ఈ గొడవ తెలుగువాళ్ళకెందుకంటారా? బ్రిటన్‌లో డాక్టర్లుగా, నర్సులుగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా ఉన్న మనవాళ్ళారా, మీకు అక్కడ ఓటుంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, భారత పాస్‌పోర్టుతోనే పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు. అసోసియేషన్ ఉగాదికి స్థానిక ఎంపీని పిలిచి శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. వీసా నిబంధనల మీద అర్జీ ఇస్తారు, ఇవ్వాల్సిందే. దాంతోపాటు ఈ అప్పుల చట్టం గురించి ఒక్క మాట అడిగారా?

అడిగే హక్కు మనకు మరీ ఎక్కువే. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులకు బ్రిటిష్ పన్నుచెల్లింపుదారుల డబ్బు వచ్చింది. అదే డబ్బులో కొంత విద్యుత్ సంస్కరణల వెంట కూడా వచ్చింది. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల మీద ఊరేగింపుగా వచ్చి బషీర్‌బాగ్‌లో కాల్పులకు బలైనవాళ్ళను తలుచుకుంటే, సాయమంతా పుణ్యమేనని ఎవరూ అనలేరు. అప్పు సంగతీ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళకు తట్టుకోలేక పల్లెల్లో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నప్పుడు, అప్పుకూ వసూలుకూ మధ్య ప్రభుత్వం నిలబడాలని అడిగింది మనమే. ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చింది. దాని మంచిచెడ్డల మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ అప్పులవాడి హక్కుకు ఒక హద్దు ఉండాలన్నది అప్పుడు మనకు వింతగా తోచలేదు.

జాంబియా పాలకులు తినేశారు, మనమెందుకు జాలిపడాలి అంటారు కొందరు. తిన్నవాళ్ళున్నారు, నిజమే. తిన్నవాడి దగ్గర వసూలు చేస్తే నేనూ చప్పట్లు కొడతాను. కానీ కిస్తీ కడుతున్నది వాడు కాదు, మందుల్లేని ఆస్పత్రి ముందు వరసలో నిలబడ్డ బాలింత. రిస్కుందని ఎక్కువ వడ్డీ పుచ్చుకున్న మదుపుదారుడు, ఆ రిస్కు నిజమైనప్పుడు నష్టంలో పాలు పంచుకోవద్దా?

ఎంపీకి రాసే ఉత్తరం పొడుగ్గా ఉండనక్కర్లేదు. 2010 చట్టాన్ని కొత్త అప్పులకు వర్తింపజేస్తారా లేదా, 0.7కు ఎప్పటికి తిరిగొస్తారు, శరణార్థుల బస ఖర్చును సాయం పద్దులోంచి తీసేస్తారా: ఈ మూడూ చాలు. చట్టమక్కర్లేదు, బాండ్ల ఒప్పంద పత్రాల్లోనే రాజీ షరతులు పెట్టుకుంటే సరిపోతుందన్న జవాబు రావచ్చు. వస్తే, ఆ షరతులున్న కాలంలోనే జాంబియాకు రాజీ కుదరడానికి మూడేళ్ళకు పైగా ఎందుకు పట్టిందని మళ్ళీ రాయండి.